లాభం, రెండు, మూడు

"లాభం" అంటూ పరదేశి మొదటి బెల్లం దిమ్మను కాటా పళ్ళెంలో పెట్టాడు. చుట్టూ ఉన్న రైతులు కిసుక్కున నవ్వారు.

తూకం వేసేవాడు ఒకటి అని మొదలుపెట్టడు. శుభమని లాభం, రెండు, మూడు అంటాడు. పరదేశి తండ్రి అలాగే పిలిచాడు. పరదేశి కూడా అలాగే పిలుస్తూ అనకాపల్లి బజారులో ముసలివాడయ్యాడు. పాకం పట్టిన గోళ్ళు, పక్కకు వంగిన మెడ. అంతకుమించి చెప్పుకోదగ్గ మనిషి కాడు. అతను లాభం అన్నందుకు ఇన్నాళ్ళూ ఎవరూ నవ్వలేదు.

నవ్వెందుకో షావుకారు సూర్యనారాయణ చెప్పాడు. ఊళ్ళోకి వచ్చిన నాటకం కంపెనీకి రాజు వేషగాళ్ళు గొంతు చించుకున్నా డేరా నిండలేదట. అందుకని రాజుగారి కథలో ఒక కాటా మనిషిని దూర్చారు. వాడు మెడ వంచి "లాభం" అంటూ, రైతు సరుకు తక్కువ తూగేలా రాళ్ళ పళ్ళేన్ని కాలి బొటనవేలితో నొక్కుతాడు. అచ్చం మనవాడే అని జనం ఎగబడుతున్నారట.

పరదేశి తన బొటనవేలు చూసుకున్నాడు. అందరూ అటే చూస్తున్నారు.

చీడికాడ బంగారయ్య ఎప్పుడూ సరుకు అతనికి వదిలేసి చుట్ట కాల్చుకోవడానికి పోయే రైతు. ఈవేళ కదల్లేదు. మళ్ళీ తూచమన్నాడు. మళ్ళీ అంతే తూగింది.

"మరి లాభం ఎవులిది బావా?" అన్నాడు.



మధ్యాహ్నం ఆ కాటా మనిషి వేషం కట్టే యూసుఫ్ స్వయంగా వచ్చి, నలుగురిలో పరదేశి కాళ్ళకు దండం పెట్టి, నాటకం పాసు చేతిలో పెట్టాడు. మంచి మనసుతోనే వచ్చాడు పాపం.

"ఏ ఊరెళితే ఆ ఊరి మనిషినొకణ్ణి పెడతాం మావా. తమవోడని జనం వత్తారు. నిన్ను సూసే నేర్సుకున్నాను. బొటనేలు మాత్రం మేం కలిపిందే."

ఆ చివరి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. గురువుకు పెట్టినట్టు పెట్టిన దండం మాత్రం అందరి కంటా పడింది. నిప్పు లేనిదే పొగ రాదన్నాడొకడు.

సాయంత్రం షావుకారు మెత్తగానే చెప్పాడు. "రేపట్నుంచి ఒకటీ అని పిలువు పరదేశీ. రైతులు అనుమానపడతన్నారు."

 

"అలాగంటే మా అయ్యని కూడా దొంగని సేసినట్టే బాబూ," అన్నాడు పరదేశి.

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, మరి వెనక్కి చూడకుండా బజారు దాటిపోయాడు. కొట్టు మూసేవేళకు అతను వదిలిన పాసు కాటా పళ్ళెంలోనే ఉంది. దాని బరువుకు ముల్లు ఎటూ మొగ్గలేదు.