తమ్ముడు వేసిన ముడి

మా తమ్ముడు ఏది కారినా సైకిల్ ట్యూబు ముక్కతో కట్టేసేవాడు. వాడు ముడేస్తే యముడు కూడా విప్పలేడని ఊరంతా కోతలు కోసేవాణ్ణి. వాడు పోయాక వాడి పికప్పు బండి మా మరదలే నడుపుతోంది. లోపల పెట్రోలు వాసనకి తల తిరుగుతోందంటే మెకానిక్కు దగ్గరికి వెళ్లాం.

అతను బండి కింద దూరి చూశాడు. "పైపు పగిలిందమ్మా. దానికి చుట్టిన ట్యూబు ముక్క పెట్రోలుకి ఉబ్బిపోయింది. కొయ్యాలి."

"కొయ్యకు. ఆయన కట్టింది. విప్పు."

చాలాసేపు తంటాలుపడ్డాడు. "రావట్లేదమ్మా."

"మీ తమ్ముడి ముడి యముడు కూడా విప్పలేడన్నారుగా బావగారూ," అంది మరదలు.

నేనూ వంగి ఆ ముడిని లాగి చూశాను, కదల్లేదు.

"సరే, కొయ్యి," అంది.

కొత్త పైపు వేసి, ఇంజను తిప్పి, "వాసన పోయిందా?" అనడిగాడు.

"పోయింది," అంటూ మరదలు ఆ ట్యూబు ముక్కని ముక్కుకి ఆనించుకుంది.