ఎక్కడ కడితే అక్కడే

లోపలివైపు గడియ లేదు, తలుపు మూస్తే దానంతటదే మళ్ళీ జానెడు తెరుచుకుంటోంది, బావ చూశాడో లేదో, చూడడు, ఆయన చూపంతా ఇంటావిడ ముఖం మీదే, బేరంలో ఎదుటివాళ్ళ ముఖమే చూడాలంటాడు ఎప్పుడూ, పశువుల సంతలో బేరాలు కుదిర్చేవాడికి ఒక గది బేరం లెక్కా అని అక్క ఆయన్ని నాతో పంపింది, నాన్న మాత్రం ఒకటే మాట అన్నాడు, ఇవాళ గది దొరికితే సరే, లేకపోతే ఈ చదువు ఇంతటితో ఆపెయ్యి, ఊరినుంచి మొదటి బస్సు ఇక్కడికి చేరేసరికి సగం క్లాసులు అయిపోతాయి, హాస్టల్లో చోటు లేదన్నారు, పొద్దుటినుంచీ తిరుగుతున్నాం, ఒకచోట అద్దె వినగానే బావ మెట్లు దిగిపోయాడు, ఇంకోచోట అబ్బాయిలకే ఇస్తాం అన్నారు, ఇక ఇదే మిగిలింది, మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన, పాత కుర్చీలు పడేసే గది, గోడనిండా వాటి గీతలు, ఒక్క కిటికీ, అందులోంచి కాలేజీ లైబ్రరీ పచ్చరంగు కప్పు కనిపిస్తోంది, అది చాలు, సాయంత్రాలు అక్కడే కూర్చోవచ్చు, దరఖాస్తు ఇవ్వడానికి వచ్చిన రోజు తొంగి చూశాను, పొడుగాటి బల్లలు, ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేని చోటు ఒకటుందని ఆ రోజే తెలిసింది.

ఇంటావిడ అద్దె చెప్పింది, బావ అలవాటుగా నవ్వి తల గోక్కున్నాడు, అంతయితే ఎలాగండీ, ముందు పిల్లని చూడండి, నన్నెందుకు చూడాలి, గదిని కదా మేం చూడాలి, మా మరదలు ఇంట్లో ఉన్నట్టే తెలీదండీ, ఇది గట్టిగా ఒక్క మాట మాట్లాడితే నేను మీసం తీసేస్తాను, పెట్టింది తింటుంది, చెప్పింది చేస్తుంది, ఎక్కడ కడితే అక్కడే, ఇంటావిడ పడీపడీ నవ్వింది, ఆ మాట నాకు తెలుసు, మా ఎర్రావుని అమ్మినప్పుడూ ఇదే అన్నాడు, తన్నదు, పొడవదు, ఎక్కడ కడితే అక్కడే, కొనేవాడు దాని చుట్టూ తిరిగి తిరిగి చూశాడు, ఇప్పుడు ఈవిడా అలాగే చూస్తోంది, నా చేతులు, నా చెప్పులు, పళ్ళు చూడటం ఒక్కటే తక్కువ, బావా, నువ్వు అమ్మడానికి రాలేదు, కొనడానికి వచ్చావు, మర్చిపోయావా, అని లోపలే అనుకుంటూ చెప్పులు వెనక్కి జరుపుకున్నాను.

అలాంటి పిల్లయితే తగ్గిస్తానులే అంది ఇంటావిడ, ఇదివరకున్నదానికి అబ్బో, ఎంత నోరనీ, మంచంలో ఉన్న మా అత్తగారితో కూడా పోట్లాడింది, కాలేజీ అవగానే వచ్చి ఆవిడ దగ్గర కూర్చుంటే చాలు, మందులిచ్చి, దుప్పట్లు మార్చి, నేను కొట్టు కట్టేసి వచ్చేదాకా, దాందేముందండీ అన్నాడు బావ, తలుపుకి లోపల గడియ పెట్టించను, రాత్రి ఆవిడకి అవసరమైతే లేపాలి కదా, గడియెందుకండీ, మనమేమన్నా పరాయివాళ్ళమా అన్నాడు బావ, ఆయన ఒప్పుకున్నప్పుడల్లా అద్దె ఒక మెట్టు దిగుతోంది, దిగినప్పుడల్లా నావైపు చూసి కనుబొమ్మలెగరేస్తున్నాడు, చూశావా నా తడాఖా అన్నట్టు, నా సాయంత్రాలు బావా, పొడుగాటి బల్లలు, పచ్చకప్పు, కిందనుంచి ముసలావిడ దగ్గు, ఎవరే వచ్చిందీ, మళ్ళీ ఆ నోరున్నదేనా, కాదత్తయ్యా, ఈసారి మంచి పిల్ల.

ఏమ్మా సరేనా, అంటూ ఇంటావిడ తాళంచెవి బావ చేతిలో పెట్టి, జవాబుకి ఆగకుండా మెట్లు దిగిపోతోంది, బావ అప్పుడే నాన్నకి ఫోన్లో చెబుతున్నాడు, సగానికి తెచ్చాను మామయ్యా, పిల్ల కూడా ఒప్పుకుంది, ఒప్పుకున్నానా, ఎప్పుడు, ఎర్రావు మూడోనాడే తాడు తెంపుకుని మా వాకిట్లోకొచ్చి నిలబడింది, తన మాట తను చెప్పింది, బావే మళ్ళీ తోలుకెళ్ళి ఇచ్చొచ్చాడు, తన మాట పోతుందని, ఊళ్ళో బడిలో పంతులుగారు నోరెత్తని పిల్ల అని నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు, ఇంటికొచ్చి అది డైరీలో గొప్పగా రాసుకునేదాన్ని, సిగ్గు నాదే కదా, దానివల్ల ఎవరికేం నష్టం అనుకునేదాన్ని, తలుపు మళ్ళీ జానెడు తెరుచుకుంది, నేను సరే అనలేదు, పెదవి కూడా కదల్లేదు, అయినా ఆ మాట నాకు తప్ప అందరికీ వినిపించింది.