వదిన వెంట నడిచిన బల్లలు

మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధి ఒక కునుకు తీసే వేళకి లక్క దుకాణంలోని ముక్కాలి బల్లలు షికారుకి బయల్దేరేవి. నాలుగు కాళ్ళ బల్లలు ఎక్కడివక్కడే ఉండేవి, వాటికి ఆ బుద్ధి లేదు. మూడు కాళ్ళవి మాత్రం ఒక కాలు ముందుకి జరిపి, రెండోదాన్ని దాని పక్కకి చేర్చి, మూడోదాన్ని వెనకనించి లాక్కుంటూ, నిండు చూలాలు మేడ దిగినంత నిదానంగా గుమ్మం దిగి వీధిలోకి వెళ్ళేవి. పొద్దు వాలేసరికి చాలామట్టుకు తిరిగొచ్చేవి. రానివాటి గురించి ఇరుగుపొరుగు కబురు పెట్టేవాళ్ళు.

"లక్కా! మీ గుండ్రబల్లొకటి మా కుట్టుమిషను పక్కన నిలబడి కదలనంటోంది," అని ఎదురింటి టైలరు కేకేసేవాడు.

"ఉండనీ బాబాయ్, కత్తెర పెట్టుకోడానికి పనికొస్తుంది."

"పెట్టానమ్మా. పైపలక వాల్చి కత్తెరని కింద పడేసింది."

పాత సామానుకి లక్క పాలిష్ పట్టీ పట్టీ ఆమె వేళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. అందుకని ఆమె అన్న సరదాకి లక్క అని పిలిచాడు, ఊరంతా అదే ఖాయం చేసేసింది. దుకాణం అన్నదే. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళల్లో విరిగిన బల్లలన్నీ అక్కడికే వచ్చేవి. పాదాలు చెక్కడం అన్న పని. కాలిని నడిమి స్తంభంలోకి వెంట్రుక దూరనంత బిగువుగా కూర్చడం వదిన పని. ఆఖర్న మెరుగు పెట్టడం లక్క పని. కిందటి వానాకాలంలో అన్న పోయాడు. అప్పట్నించీ కొత్తగా పాదాలు చెక్కే చెయ్యి లేదు. ఉన్నవాటిని బాగుచేసుకుంటూ వదినా ఆడపడుచూ కలిసి నెట్టుకొస్తున్నారు.

నడక చప్పుడు వింటే చాలు, అది ఏనాటి బల్లో లక్క వెనక్కి తిరక్కుండానే చెప్పేది. పాము తలలాంటి పాదాలున్నవి నేలమీద సవ్వడి లేకుండా జారుతూ పోయేవి. గోళ్ళతో బంతిని ఒడిసిపట్టుకున్న పంజా పాదాలవి, ఆ బంతుల్ని వదల్లేక, వాటినే దొర్లించుకుంటూ గడగడమని వెళ్ళేవి. ఆ తర్వాతి కాలంలో వంపులమీద మోజు తగ్గి, కాళ్ళు సన్నగా, నిటారుగా బయటికి చాపి చేసినవి లెక్కల మేస్టారి వృత్తలేఖినిలా టకటకమనేవి. అన్నిటికన్నా ముసలిది ఒక కంచు ముక్కాలి. దానివి మేక గిట్టలు. ఎక్కడ మెట్లు కనపడినా ఎక్కేదాకా దానికి తోచదు.

వదిన వెళ్ళిపోతున్నానని చెప్పిన రోజు హెడ్మేస్టరమ్మ దుకాణంలోనే ఉంది. రిటైరయ్యాక ఆవిడకి పాత వస్తువుల పిచ్చి పట్టుకుంది. ఆ రోజు తన టీ బల్లని చంకలో పిల్లలా పట్టుకొచ్చింది. అంచు చుట్టూ అలలు చెక్కిన గుండ్రటి పలక, పలక కింద చిన్న పంజరంలాంటి కూర్పు, దానివల్ల పలక గిర్రున తిరుగుతుంది, కావాలంటే గోడవైపుకి వాలుతుంది. ఒక కాలు స్తంభంనుంచి ఊడి చేతికొచ్చేసింది.

"మొదట్లో వీటిమీద నిప్పు పెట్టేవారట తెలుసా?" అంది హెడ్మేస్టరమ్మ కంచుదాన్ని చూస్తూ. "ఇలా కంచుతో పోతపోసి, పైన కుంపటి పెట్టేవారట. తర్వాతెప్పుడో చెక్కవి వచ్చాయి, కొవ్వొత్తి కోసం."

"కొవ్వొత్తికి ఎంత చోటు కావాలండీ, అరచేయంత పలక చాలు," అంది లక్క. "టీలొచ్చాక పలకలు పెరిగాయి. కప్పులు జారిపోకుండా అంచు లేచింది. లేచిన అంచు ఊరికే ఉంటుందా, సోకులు మొదలెట్టింది."

"మరి మూడే కాళ్ళెందుకంటావు?"

"నేల ఎత్తుపల్లాలుగా ఉన్నా మూడు కాళ్ళది ఊగదు కదండీ. నాలుగోది వచ్చాకే ఈ అట్టముక్కలు మడిచి కింద దోపే అవస్థ."

ఊడిన కాలుని వెలుగులో తిప్పి చూస్తున్న వదిన, తల ఎత్తకుండానే అంది.

"ఇది పూర్తి చేసి శుక్రవారం మా తమ్ముడి దగ్గరికి వెళ్తాను లక్కా. కలప అడితి చూసుకోడానికి మనిషి కావాలంటున్నాడు."

లక్క చెయ్యి ఆగింది. వెళ్తాను అంది వదిన. వెళ్ళొస్తాను అనలేదు. వీధి చివర కొట్టుకి వెళ్ళినా వెళ్ళొస్తానని చెప్పే మనిషి.

"వెళ్ళు," అంది లక్క. "నిన్నెవరు పట్టుకున్నారు?"

హెడ్మేస్టరమ్మ వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసి, సంచీ తీసుకుని మెల్లిగా జారుకుంది.

ఆ రెండు మూడు రోజులూ ఇంట్లో మాటలు పొడిపొడిగా నడిచాయి. వదినకి కోపం లేదు. కిందటేడు మనుషులు పలకరించడానికి వచ్చినప్పుడు కూడా, ఏడుపు మధ్యలో, "మొగుడు పోయి అర్ధమొగుణ్ణి నాకొదిలేశాడు," అని లక్కని చూపించి నవ్వించిన మనిషి. ఆడబిడ్డ అర్ధమొగుడన్న సామెతని పాతికేళ్ళుగా లక్కమీద ప్రయోగిస్తూనే ఉంది. కాని అన్న లేని ఇంట్లో తను ఎవరి తాలూకని ఉండాలో ఆవిడకి తెలియలేదు. ఉండమని ఒక్క మాట అంటే ఉండేదే. లక్కకి ఆ మాట తెలుసు, నాలుక చివరిదాకా వచ్చేది కూడా. తను మాత్రం ఏ అధికారంతో అంటుంది? అత్తారింటినుంచి తిరిగొచ్చి అన్న పంచన చేరిన మనిషి. ఆ ఇంట్లో తనే చుట్టం, ఇంకొకర్ని ఉండమనడమేమిటి?

శుక్రవారం పొద్దున్న వదిన ట్రంకుపెట్టెతో గుమ్మంలో నిలబడింది. లక్క హెడ్మేస్టరమ్మ బల్ల పలకమీద గుడ్డ ఉండతో గుండ్రంగా రుద్దుతూ ఉంది.

"గొడుగు పెట్టుకున్నావా?" అంది.

"పెట్టుకున్నా."

"అక్కడ చలి. శాలువా?"

"అదీ పెట్టుకున్నా."

 వదిన బస్టాండుకి రిక్షా ఎక్కింది. మలుపు తిరిగేదాకా లక్క తల ఎత్తలేదు. ఎత్తేసరికి గుమ్మం ఖాళీ అయి, దుకాణంలో వెలుతురు ఎక్కువగా ఉంది.

మధ్యాహ్నం కాకుండానే బల్లలు బయల్దేరాయి. ముందు కంచుది, దాని వెనక పాము పాదాలవి, బంతుల్ని దొర్లించుకుంటూ పంజా పాదాలవి, టకటకమంటూ సన్నకాళ్ళవి. చివరికి లక్క చేతికింద ఉన్న హెడ్మేస్టరమ్మ బల్ల కూడా, పాలిష్ తడి ఆరకుండానే, మర్యాదగా పక్కకి తప్పుకుని గుమ్మం దిగింది. రోజూలా వీధిలోకి చెదిరిపోలేదు. ఒకదాని వెనక ఒకటి నదివైపుకి తిరిగాయి.

"లక్కా, మీ వదిన బస్సు వెళ్ళిన దారినే పోతున్నాయమ్మా," అన్నాడు టైలరు నోట్లోంచి సూది తీసి. "అవి మావాళ్ళవీ మీవాళ్ళవీ కదా, రేపొచ్చి అడిగితే ఏం చెప్తావు?"

అదీ నిజమే. బల్లలన్నీ ఊళ్ళోవాళ్ళవి. నమ్మి ఇచ్చినవి. లక్క చెప్పులేసుకుంది, దుకాణం తాళం టైలరు చేతిలో పెట్టింది. "బల్లల్ని తోలుకొస్తాను బాబాయ్, వదిన కోసం కాదు," అంది. అతను అడగనే లేదు.

వంతెన దగ్గర లక్క ఆగిపోయింది. అవతలి ఒడ్డునున్నది అత్తారి ఊరు. పెళ్ళయిన రెండో ఏడు అన్న ఆమెని ఆ వంతెనమీద ఇటు తీసుకొచ్చాడు. ఆమె మూట తన భుజానేసుకుని, దారి పొడుగునా ఏమీ అడగకుండా, పాటలేవో కూనిరాగాలు తీస్తూ నడిచాడు. మళ్ళీ ఆ నీళ్ళు దాటనని లక్క ఆ రోజు ఒట్టు పెట్టుకుంది. సంతలూ పెళ్ళిళ్ళూ ఎన్ని వచ్చినా ఒట్టు తప్పలేదు. వదిన ఒక్కత్తే వెళ్ళేది, వచ్చి కబుర్లు చెప్పేది.

బల్లలు ఆగలేదు. ఎండకి నది తళతళమంటూ ఉంటే, గుండ్రటి పలకలు తామరాకుల్లా తేలుతూ వంతెనమీద సాగిపోయాయి. ఎదురొచ్చిన లారీవాడు బండి పక్కకి తీసి దారి ఇచ్చాడు. మధ్యలో ఒక చిన్న కొవ్వొత్తి బల్ల అలిసిపోయి కూలబడినట్టు నిలిచిపోయింది. దాన్ని వదిలేసి వెనక్కెలా తిరుగుతుంది? వెళ్ళి ఎత్తుకుంది. ఎత్తుకున్నాక చూసుకుంటే సగం వంతెన దాటేసి ఉంది.

అవతలి ఊళ్ళో బల్లలు అత్తారి వీధినే పట్టాయి. ఇల్లు గుర్తు పట్టడం కష్టమైంది, అరుగు సగం కొట్టేసి షట్టరు పెట్టారు. మిగిలిన అరుగుమీద ఒక మనిషి పేపరు చదువుతూ కూర్చున్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. పంజా పాదాల బల్ల బంతులు దొర్లించుకుంటూ వస్తే కాళ్ళు పైకి తీసుకున్నాడు.

"ఎవరివమ్మా ఇవన్నీ?"

లక్క మొగుణ్ణి పోల్చుకుంది. అదే గొంతు, కాస్త బొంగురు పోయింది.

"నావి," అంది.

"అన్నీనా?"

"అన్నీ."

"మరి ఇదేమిటి, మా ఇంటిమీదికొస్తోందీ?"

కంచు ముక్కాలి అప్పటికే మెట్లెక్కుతోంది. అది మెట్లని చూసి ఊరుకోదు కదా. పై మెట్టుదాకా ఎక్కి, తలుపుకి ఎదురుగా నిలబడింది. లక్క చంకలో కొవ్వొత్తి బల్లతో కిందే నిలబడిపోయింది. ఆ పై మెట్టుమీదే ఒకప్పుడు మూటతో సాయంత్రం దాకా కూర్చుంది. తలుపు తీస్తారేమోనని చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. ఇప్పుడు ఆ తలుపు బార్లా తీసి ఉంది. లోపల రేడియో వినిపిస్తోంది.

ఒక్కో మెట్టే ఎక్కింది. కంచుదాని అంచు పట్టుకుని, "పద," అంది. అది బుద్ధిగా దిగింది.

"మిమ్మల్నెక్కడో చూసినట్టుందే," అన్నాడు ఆ మనిషి కళ్ళజోడు సర్దుకుంటూ.

"పాలిష్ పనిదాన్నండీ. నలుగురిళ్ళకీ తిరుగుతుంటాను," అంది లక్క. "పాదాలకి వేణ్ణీళ్ళలో ఉప్పేసి పెట్టండి, వాపు తీస్తుంది."

వీధి మలుపు తిరిగాక నవ్వొచ్చింది. ఎందుకో తెలియలేదు. ఇన్నేళ్ళూ ఏ పులి కూర్చుందని ఇటు రాలేదో! నవ్వు ఆగేసరికి కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది.

ఊరు దాటాక బస్సు కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది. బల్లలు అడ్డదారి పట్టాయి. రాళ్ళూ గుంటలూ నిండిన దారి. ఆ దారిలో లక్క రెండుసార్లు తూలిపడబోయింది గాని ఒక్క బల్లా తొణకలేదు. చెట్ల నీడలు పలకలమీద పడి మెల్లగా జారిపోతుంటే, ఆమె ఇంక ముందుకెళ్ళి వాటిని మళ్ళించాలన్న ఊసే మర్చిపోయి వాటితోపాటు నడిచింది. గాలిలో తాజాగా కోసిన కలప వాసన తగిలేసరికి పొద్దు కొండమీదికి వాలింది.

కలప అడితిలో వదిన ఒక దూలం మీద కూర్చుని ఉంది. పక్కన ట్రంకుపెట్టె, తాళం కూడా తియ్యలేదు. బల్లలు గేటులోంచి వచ్చి ఆవిడ చుట్టూ చేరి నిలబడ్డాయి. వదిన తమ్ముడు వాటికి చోటివ్వడానికి రంపపు పొట్టు పక్కకి ఊడ్చాడు.

లక్క అందరికన్నా ఆఖర్న వచ్చింది.

"వంతెన దాటావా?" అంది వదిన లేచి నిలబడుతూ.

"ఏం చెయ్యను, ఇవి దాటాయి."

"తీసుకెళ్ళడానికొచ్చావా?"

"ఊళ్ళోవాళ్ళవి కదా మరి."

"ఇంత చీకటి పడేవేళ ఎలా తోలుకెళ్తావు?"

లక్క చంకలోని కొవ్వొత్తి బల్లని కింద దింపింది.  

"వదినా," అంది, "నేనెవర్నని నిన్ను ఉండమంటాను? అన్న ఇల్లు అది. అందుకని అనలేదు. అంతేగాని..."

"నేను మాత్రం ఎవర్నని?" అంది వదిన. "ఆయన పోయాక నేనూ అదే అనుకుంటున్నా. నువ్వు రక్తసంబంధానివి, నేను మధ్యలో వచ్చినదాన్ని అని." ముక్కు చీది, "ఇక్కడ గాలిలో చెమ్మ లేదు. నీ పాలిష్ తొందరగా ఆరుతుంది," అంది.

లక్క గాలి పీల్చి చూసింది. నిజంగానే చెమ్మ లేదు.

పాత దుకాణాన్ని టైలరు తీసుకుని ఇంకో రెండు మిషన్లు వేసుకున్నాడు. అడితిలో ఒక పక్క రేకులు దించి వదినా లక్కా పని మొదలుపెట్టారు. బాగుపడిన బల్లలు వాటంతటవే కొండ దిగి, వంతెన దాటి, ఎవరివి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళిపోయేవి. పాదాలు చెక్కడం లక్క నేర్చుకుంది. మొదటి పంజా బంగాళాదుంపలా వచ్చిందని వదిన పడీపడీ నవ్వింది. ఆ బల్ల కుంటుకుంటూనే అడితి అంతా తిరిగింది.

చలికాలంలో కొత్తగా ఒకావిడ బల్ల బాగు చేయించుకోడానికి వచ్చింది. పని చేస్తున్న ఇద్దరినీ చూసి, "ఈవిడ మీకేమవుతారండీ?" అని వదినని అడిగింది.

వదిన స్తంభంలోకి కాలు బిగిస్తూ ఉంది. సుత్తితో మెత్తగా రెండు దెబ్బలు కొట్టింది.

"మా చెల్లెలు," అంది.

ఆడపడుచునండీ అనబోయి లక్క నోరు తెరిచింది. కాని లక్క పాలిష్ పడుతుంటే చెయ్యి ఆపకూడదు. ఒక్క క్షణం ఆగినా గుడ్డ అక్కడే అంటుకుపోయి మచ్చ పడుతుంది. ఆమె తల వంచుకుని, గుండ్రంగా, గుండ్రంగా రుద్దుతూనే ఉంది.