పట్టుగుడ్ల వ్యానుకు కొత్త కంప్రెసర్

హనీఫ్‌కు ఒళ్లు మండిపోతా ఉండాది. మండదా మరి! మదనపల్లెలో తన షెడ్డులోనే ఈ ఏసీ వ్యానుకు కొత్త కంప్రెసర్ బిగించి, పనితనం చూపిద్దామని కుప్పం దాకా తానూ ఎక్కితే, పుంగనూరు దాటీ దాటకముందే చల్లగాలి నిలిచిపోయింది.

వెనక డబ్బాల్లో ఉండేవి పట్టుపురుగుల గుడ్లు, కుప్పం మునిరత్నమ్మవి. ఎనభై ఆరో సంవత్సరం, మే నెల ఎండ. వేడి తగిలితే పురుగు గుడ్డులోనే చస్తుంది, ఆమె తోటలో మల్బరీ ఆకంతా మేకల పాలవుతుంది. అందుకే ఆ యమ్మ డబ్బాల పక్కనే కూర్చుని వస్తాంది. బయలుదేరేటప్పుడు గంగమ్మకు మొక్కుకుని, వ్యాను ముందర జాలీకి పసుపుగుడ్డ చుట్టి, దాని మీద వేపమండలు దట్టంగా కట్టింది.

"అంతా నీ స్విచ్చిల పుణ్యం!" వ్యాను ఓనరు వెంకటేశులు బానెట్టు ఎత్తి గయ్యిమన్నాడు. "పాతదానికి వైర్లు డైరెక్టుగా కలిపేసుండ్రి. ఎంత బాగా తిరుగుతా ఉండె!"

"తిరిగి తిరిగి బిగుసుకుపాయ గదప్పా! గ్యాస్ తగ్గితే ఒక స్విచ్చి కరెంటు ఆపుతాది, ఒత్తిడి మితిమీరితే ఇంకోటి ఆపుతాది. అవి ఉంటేనే కంప్రెసర్ బతికేది."

ఇద్దరూ అరుచుకుంటా ఉండగానే కంప్రెసర్ టక్కుమని పట్టుకుని తిరగడం మొదలుపెట్టింది, చల్లగాలి వచ్చింది. హమ్మయ్య అని బండి కదిలిస్తే, కాసేపటికే మళ్లీ ఆగింది.

"నా గుడ్లు!" వెనక నుంచి మునిరత్నమ్మ కేక.

"ఆ స్విచ్చి పీకేసి వైర్లు కలుపు హనీఫూ!" అన్నాడు వెంకటేశులు.

హనీఫ్ వైరు చేతిలోకి తీసుకున్నాడు కూడా. భయం వేసి ఆగాడు. గ్యాస్ పోయుంటే మళ్లీ పట్టుకోదు గదా! కాసేపు ఆగి పట్టుకుంటాందంటే ఒత్తిడే ఎక్కువైంది. లోపలి వేడి బయటికి పోవడంల్యా. వేడి పోవాల్సింది ముందర జాలీ గుండా. అక్కడికొచ్చి చూస్తే ఇంకేముంది, పసుపుగుడ్డా, వేపమండలూ! ఆమె కడతా ఉంటే పక్కనే నిలబడి చూసినోడే తాను. సిగ్గుతో చచ్చిపోయాడు. పైగా అమ్మవారి మొక్కు, తాను చెయ్యెట్టా వేసేది?

"అమ్మా, గాలి ఈడనుంచే పోవాల. ఇది విప్పితేనే..."

"మొక్కు విప్పమంటావా? గంగమ్మ ఊరుకుంటాదా?" మునిరత్నమ్మ కళ్లెర్రజేసింది.

"విప్పకపోతే వైర్లు కలపాల. కలిపితే నడిమధ్యలో కంప్రెసర్ పేలినా పేలుతాది. అప్పుడు చల్లగాలే ఉండదు. నాకైతే భయంగా ఉండాదమ్మా."

ఆ మాటకు ఆమె మెత్తబడింది. జాలీ ముందర నిలబడి దండం పెట్టుకుని, ముడి విప్పింది.

"తల్లీ గంగమ్మా, ఈడ ఎండగా ఉండాది. లోపలికొచ్చి నా గుడ్ల కాడ కూర్చో" అంటా గుడ్డనూ మండల్నీ డబ్బాల మీద పెట్టుకుంది.

కంప్రెసర్ పట్టుకుంది. పలమనేరు దాటినా, ఎండ నెత్తికెక్కినా మళ్లీ ఆగల్యా.

కుప్పంలో డబ్బా మూత తీసి చూసిన మునిరత్నమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసింది. గుడ్లన్నీ బాగుండాయి. చుట్టూ చేరిన ఆడోళ్లు గంగమ్మకే దండాలు పెడతాంటే, తన స్విచ్చిల మాట ఎత్తేవాళ్లే లేరే అని హనీఫ్ ఉసూరుమన్నాడు.

మునిరత్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని అతని కాడికొచ్చింది.

"మళ్లీ తూరి అమ్మకు గుడ్డ యాడ కట్టాల్నో నువ్వే సూపియ్యప్పా."