ఏడేళ్ళ కేక

ఆ ఇంట్లో ఒంట్లో బాగోలేదని చెప్పుకునే హక్కు రక్తంలో క్రియాటినిన్ పెరిగినవాళ్ళకే ఉంది. దుర్గకు పెరగలేదు. కాబట్టి దుర్గ బద్ధకస్తురాలు.

ఉద్దానంలో కిడ్నీ పోయిన మనిషి లేని వీధి లేదు. దుర్గ మామగారు దాంతోనే పోయాడు. అందుకే ఆమె మొహం ఉబ్బిన మొదటి ఏడాది అత్త దాలమ్మ భయపడింది, మొగుడు మల్లేశ్వరరావు నిద్రపోలేదు. ఊళ్ళో పెట్టిన రక్తపరీక్ష శిబిరంలో సున్నా పాయింట్ తొమ్మిది వచ్చింది, కిడ్నీలు బాగున్నాయన్నారు. భయం పోయింది. దాంతోపాటు జాలీ పోయింది. తర్వాత ఏటేటా శిబిరానికి వెళ్ళింది. ఏటేటా అదే అంకె.

"క్రియాటిన్ బాగుంది గదేటి, ఇంకేటి రోగం నీకు? ఒల్లు వంగదు, అదే నీ రోగం," అనేవాడు మల్లేశ్వరరావు.

ఏడేళ్ళు. పొద్దున్న కళ్ళు తెరిస్తే తడిసిన గోనెబస్తా ఎవరో గుండెల మీద పెట్టినట్టుండేది. దాన్ని తోసుకుని లేచి వాకిలి ఊడ్చి, వండి, గేదెకు గడ్డివేసి, బస్సెక్కి పలాస వెళ్ళి జీడిపప్పు పొట్టు తీసేది. వేళ్ళు కొయ్యబారేవి. పక్కామె రెండు డబ్బాలు నింపేసరికి తనకు ఒకటి నిండేది. మండు వేసవిలో దుప్పటి కప్పుకుంటే దాలమ్మ వీధిలోవాళ్ళను పిలిచి మరీ చూపించింది, "మా కోడలు మారాణిని సూడండి" అని. దుర్గ ఏ పనీ మానలేదు, ఆలస్యంగా చేసింది. ఆలస్యం అందరికీ కనిపించింది, పని ఎవరికీ కనిపించలేదు. చివరికి ఆమె కూడా నమ్మేసింది, తప్పు తన బుద్ధిలోనే ఉందని.

పోయిన వారం మల్లేశ్వరరావు అక్కుపల్లిలో ఉన్న ఆమె అన్న ధర్మారావుకు ఫోన్ చేశాడు. "ఆదివారం వొచ్చి నీ సెల్లిని తీసుకుపో బావా. ఈ ఇంటికి పనిసేసే మనిషి కావాల."

ఈసారి శిబిరానికి కొత్త డాక్టరమ్మ వచ్చింది. దుర్గ గొంతు మీద చెయ్యి పెట్టి, సగం రాలిన కనుబొమలు చూసి, "చలేస్తుందామ్మా?" అంది. ఏడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. దుర్గకు కళ్ళనీళ్ళు ఆగలేదు. డాక్టరమ్మ ఇంకో పరీక్ష రాసింది.

శుక్రవారం కాగితం వచ్చింది, దాంతోపాటు రోజుకొకటి వేసుకోమని మాత్రల పెట్టె ఇచ్చారు. టీఎస్‌హెచ్ ఎనభై ఆరు. ఐదు దాటకూడదట. ఆడపడుచు కూతురు సంజన ఆ ఇంట్లోనే ఉండి ఇంటర్ బైపీసీ చదువుతోంది. పుస్తకం తెచ్చి బొమ్మ చూపించింది.

"ఇక్కడ, గొంతు కింద, సీతాకోకచిలుకలాగ గ్రంథి ఉంటాది అత్తా. గుండె ఎంత కొట్టుకోవాల, తిన్నది ఎప్పుడు అరగాల, ఒంట్లో ఎంత ఏడి ఉండాల, అన్నీ అదే సూసుకుంటాది."

"మరి నాది?"

"పడుకుండిపోనాది."

"ఈ ఎనభై ఆరేటి?"

"మెదడు కింద బఠాణీ గింజంత ఇంకో గ్రంథి ఉంటాది. ఇది పనిసెయ్యకపోతే అది లెగు లెగు అని కేకలేస్తాది. ఇనకపోతే ఇంకా గట్టిగా. ఆ కేకే ఎనభై ఆరు."

"అచ్చం మీ అమ్మమ్మనాగే," అంది దుర్గ. ఇద్దరూ పగలబడి నవ్వారు.

ఆ రోజు గేదెకు గడ్డి వేస్తూ గొంతు తడుముకుంది, అన్నం వారుస్తూ తడుముకుంది. తను బద్ధకించలేదు! ఏడేళ్ళుగా లోపల ఎవరో తనకోసం గొంతు చించుకుంటున్నారు. బయటివాళ్ళు తిట్టిన ప్రతి పూటా లోపలివాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. ఉండబట్టలేక మళ్ళీ సంజన దగ్గర కూర్చుంది. కిడ్నీల మీద టోపీల్లా కూర్చునేవి, చక్కెరను అదుపులో పెట్టేది, నెలసరిని నడిపేవి, ఒక్కో గ్రంథి గురించీ చెప్పించుకుంది. ఇంతమంది, చెప్పకుండా, చూపించుకోకుండా, ఒక్క పూట సెలవు లేకుండా! వీళ్ళూ మన ఆడవాళ్ళలాంటివాళ్ళేనన్నమాట అనుకుంది. ఎప్పుడో చిన్నప్పుడు తిరనాళ్ళకు వెళ్ళినప్పుడు పుట్టిన సంబరం ఒంట్లో పుట్టింది.

ఆదివారం ధర్మారావు బండి మీద వచ్చాడు. దుర్గ కాగితం తెచ్చి అందరి ముందూ పెట్టింది. ఎనభై ఆరంటే ఏమిటో తనే చెప్పింది, ఒక్క మాట తడబడకుండా.

"థైరాయిడా? అది ఉద్యోగాలోల్ల ఆడోల్లకొచ్చే రోగం," అన్నాడు మల్లేశ్వరరావు.

"రోజుకో మాత్రేస్తే సరిపోద్దంట గదా బావా," అన్నాడు ధర్మారావు.

మల్లేశ్వరరావు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "అయితే ఉండమను. తీసుకుపోనక్కర్నేదు."

"ఉండడం తరవాత," అంది దుర్గ. "ఏడేల్లు వీదిలో అందరి ముందూ బద్దకందాన్నన్నావు. కాదని ఇప్పుడు సెప్పు మావా. మా అన్న ముందల, మీయమ్మ ముందల. ఒక్కమారు."

"మొగుణ్ణి నిలబెట్టి అడుగుతావేటే?" దాలమ్మ లేచింది.

"సెప్పకపోతే ఏటి సేత్తావు?" అన్నాడు మల్లేశ్వరరావు.

"ఎల్లిపోతాను. నువ్వు పంపినట్టు కాదు, నాను ఎల్లినట్టు. మాత్ర అక్కుపల్లిలోనూ పనిసేత్తాది."

అతను నేల చూశాడు. ఆమె ఆగింది. తల్లి మొహం చూశాడు. దుర్గ ఇంకా ఆగింది. తర్వాత మాత్రల పెట్టె తీసుకుని, సంజన తల నిమిరి, వెళ్ళి అన్న బండెక్కింది.

బండి వీధి మలుపు తిరిగాక మల్లేశ్వరరావుకు నోరు పెగిలింది.

"ఆ ఊసు నా దగ్గర ఇంకెవరూ ఎత్తొద్దు," అన్నాడు, ఏమీ అడగని వాకిలితో. "సచ్చేదాకా దాని గురించి మాటాడను."