రోలు చుట్టూ రెక్స్

కుక్కపిల్లను తేవాలా, పెద్దకుక్కను తేవాలా అన్న తగువు అనసూయమ్మ ఇంట్లో దసరాకు ముందు మొదలై, పండుగ వెళ్ళిపోయినా తెగలేదు. కార్ఖానా గల్లీలో ప్రతివాళ్ళకూ దాని మీద ఒక మాట ఉంది. ఏ మాటా లేనిది దేవమ్మ ఒక్కతెకే.

దేవమ్మకు పదిహేనేళ్ళు. ఆలేరు పక్క పల్లెలో చదువుకుంటూ ఉండగా, రజాకార్ల భయానికి తండ్రి ఆమెను ఎండాకాలంలో తన అక్క అనసూయమ్మ దగ్గరికి సికింద్రాబాదు పంపేశాడు. మేనత్తకు పిల్లలు లేరు. మామ బిక్షం రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. ఇద్దరూ మంచివాళ్ళే. కానీ వచ్చిన ఇన్ని నెలల్లో దేవమ్మ తనంతట తాను "ఆకలైతుంది" అని కూడా అనలేదు. అడిగితే తల ఊపుతుంది. ఆ ఊపు అవునో కాదో చూసినవాళ్ళు తేల్చుకోవాలి.

ఆ ఇంట్లో రెండు కుక్కలుండేవి, మోతి, జానీ. భారత సైన్యం హైదరాబాదు మీదికి వచ్చిన ఆ వారంలో విమానాలు ఇళ్ళ మీదుగా పోతుంటే జానీ బెదిరి గోడ దూకింది. మళ్ళీ రాలేదు. అప్పటినుంచి మోతి తిండి మానేసింది. పక్కన ఇంకో మూతి ఉంటేనే తినడం దానికి అలవాటు. గిన్నె ముందు కూర్చుని, అటూ ఇటూ చూసి, లేచి పోయేది. పక్కటెముకలు బయటపడ్డాయి.

"ఇంకోదాన్ని తేకుంటే ఇది దక్కదు," అంది అనసూయమ్మ.

"తెస్తే ఒక్కదాన్నే, మోతితో రెండు. మూడోదాని మాటెత్తొద్దు. నూకలు మనకే అంతంత మాత్రం," అన్నాడు బిక్షం.

తేవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, గల్లీ చివర జైతున్ బీ ఇంటి కట్టెల కొట్టంలో ఒక వీధికుక్క ఈని నాలుగు పిల్లలను పెట్టింది. రెండోది రెక్స్. అది రైలు ఇంజను నడిపే దొర భార్య ఆలిస్ అమ్మది. ఆయన పోయాక ఆమె మద్రాసులో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, "ఎవరైనా దొరికేదాకా చూడు అనసూయా," అని చెప్పి వెళ్ళింది. ఆ కుక్క మూతి నెరిసింది, వెనక కాలు ఈడుస్తుంది. తాళం వేసిన ఆమె ఇంటి గేటు ముందే పడుకుంటుంది. రోజూ దానికి మాడిన రొట్టె ముక్కలు తీసుకుపోయేది దేవమ్మే.

"ముసలిదాన్ని తెచ్చుకుంటే ఏడాది తిరగకముందే ఏడ్వాలె," అన్నాడు బిక్షం.

"అదొక్కటే గాదు. పెద్దకుక్క పాత ఇల్లు మరువది. తిండి మనది తింటది, చూపు ఆ గేటు మీదుంటది. పిల్లనైతే మనమెట్ల మలుపుకుంటే అట్ల పెరుగుతది," అంది అనసూయమ్మ.

పొయ్యి దగ్గర కూర్చున్న దేవమ్మ చేతిలోని గరిటె ఆగిపోయింది. అత్తమ్మ కుక్క గురించే అంటున్నదా? కుక్క గురించే అయ్యుంటుంది. తానూ పెద్దదై వచ్చిందే కదా ఈ ఇంటికి. తన చూపు ఎక్కడుందో అత్తమ్మ గమనిస్తున్నదా? అసలు తన చూపు ఎక్కడుంది? ఆలేరు గుర్తొచ్చి కొన్ని రోజులు ముద్ద దిగదు. కొన్ని రోజులు గుర్తే రాదు. ఏది నిజమో ఆమెకే తెలియదు.

మోతినే అడుగుదామని ఒకనాడు దాన్ని రెండు చోట్లకూ తీసుకుపోయింది. జైతున్ బీ కొట్టంలో మోతి ఒక పిల్ల చెవి నాకింది, వెంటనే గుర్రుమంది. రెక్స్ దగ్గర ముక్కు ఆనించి వాసన చూసింది, తర్వాత వీపు తిప్పి కూర్చుంది. ఇంటికి వచ్చి సగం రొట్టె తిన్నది. ఏ కుక్కను చూసినందుకు తిన్నదో ఎవరు చెప్పాలి?

ఇంతలో కుక్కల బండి తిరుగుతున్నదన్న వార్త వచ్చింది. మెడకు పట్టీ, మాదనే మనిషీ లేని కుక్కలను పట్టుకుపోతున్నారు. తీసుకుపోయిన వాటిని మళ్ళీ చూసినవాళ్ళు లేరు. రెక్స్ పట్టీని ఆలిస్ అమ్మ గుర్తుగా తనతో తీసుకుపోయింది.

దేవమ్మ ధైర్యం చేసి ఆ సాయంత్రం మామకు రొట్టె వడ్డిస్తూ, "మామా, ఆ రెక్స్..." అంది.

"ఆఁ, ఏమైంది దానికి?"

"ఏం లేదు."

ఆమె ఆగిపోయింది మామకు భయపడి కాదు. మధ్యాహ్నం జైతున్ బీ వచ్చి వెళ్ళింది మరి. సైన్యం వచ్చినప్పటినుంచి జైతున్ బీ ఇంటి తలుపు తీసింది తక్కువ. ఆమె భర్త మౌలా అలీ టాంగా కట్టడం మానేశాడు. నిన్నటిదాకా ఉప్పూ పప్పూ బదులు పుచ్చుకున్నవాళ్ళు ఆ ఇంటి ముందు తల వంచుకుని నడిచారు. అనసూయమ్మ కూడా ఒకటి రెండుసార్లు అలాగే నడిచింది. ఆ సంగతి ఆమెను లోలోపల తొలుస్తూనే ఉంది. అలాంటిది జైతున్ బీ తానే వచ్చి, గడప బయటే నిలబడి, "పిల్లల్లో మంచిది మీకే తీసి పెట్టిన. నల్లది. బేస్తవారం వచ్చి తీస్కపోరి," అంది.

"ఎందుకు తీస్కపోము? నేనే వస్తగా," అని అనసూయమ్మ ఆమె చేయి పట్టుకుంది.

ఇప్పుడు వద్దంటే కుక్కపిల్లను వద్దన్నట్టు ఉంటుందా, ఆమెనే వద్దన్నట్టు ఉంటుందా? తెస్తామంటే రెక్స్ బండెక్కుతుంది. దేవమ్మ ఎటు తలచినా ఒకరికి అన్యాయం చేసినట్టే అనిపించింది. దేవుడికి మొక్కుకుందామంటే, ఏమని మొక్కాలో తెలియలేదు.

బేస్తవారం పొద్దున అనసూయమ్మ వాకిలి అలికి, పెరట్లో రోలు కడిగి, పసుపు రాసింది. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన ఏ జీవాన్నైనా, మేకైనా కుక్కైనా, రోలు చుట్టూ మూడుసార్లు తిప్పి, రోటి గుంటలో పెట్టిన పెరుగన్నం తినిపిస్తారు. అలా తిన్నది ఇల్లు విడువదు, ఇల్లు దాన్ని విడువకూడదు. మోతిని అలాగే తిప్పారు. జానీని తిప్పడం మరిచారని, అందుకే పోయిందని అనసూయమ్మ నమ్మకం.

"పెరుగన్నం కలిపి రోట్ల పెట్టు బిడ్డా. నేను బోయి జైతున్ బీని సుత తోల్కొస్త. పరాయోళ్ళ లెక్క గంపల పెట్టుకొని వచ్చుడేంది, ఆమె ముంగట్నే తిప్పుదం," అని గంప తీసుకుని వెళ్ళింది. బిక్షం రాత్రిపని చేసి వచ్చి వసారాలో పడుకున్నాడు.

దేవమ్మ అన్నం కలిపి రోట్లో పెడుతుండగా గల్లీ మొదట్లో అరుపులు వినపడ్డాయి. ఇనుప చువ్వల బండి, దాని వెనక పిల్లల గుంపు. చేయి కడుక్కోకుండానే ఆలిస్ అమ్మ గేటు దాకా పరుగెత్తి, తన ఓణీ కొంగు రెక్స్ మెడకు వేసి లాక్కొచ్చింది. లోపలికి వచ్చాక ఏం చేయాలో తెలియలేదు. పెరటి తడిక వేద్దామంటే దానికి గడియ లేదు.

బండివాళ్ళిద్దరు తడిక దగ్గరికి వచ్చేశారు.

"ఏ పిల్లా, ఆ కుక్క మీదేనా?" అన్నాడు ముందున్నవాడు.

మాది అంటే అబద్ధం. కాదంటే రెక్స్ పోతుంది. దేవమ్మ వాళ్ళకు దూరంగా రోలు వెనక్కి జరిగింది. పెరుగు వాసన పట్టిన రెక్స్ రోలు అంచు వెంట మూతి పెట్టి నడవసాగింది. కొంగు దానితో పాటు, కొంగుతో పాటు ఆమె. ఆపుదామంటే బలం చాలలేదు. ఒక చుట్టు తిరిగింది. ఇంకొకటి. మూడోసారి కుంటికాలు జారి, ముందు కాళ్ళు రోటి మీద వేసి అన్నమంతా గబగబా నాకేసింది.

వెనకనున్న రెండోవాడు ముసలివాడు. అతను మొదటివాడి భుజం మీద చేయి వేశాడు.

"పా పోదం. కండ్లు గానొస్తలేవా? రోలు దిప్పుతున్నరు. ఇంటి కుక్కనే."

"పట్టీ లేదు గదా?"

"పసుపు రోలు ముంగట పట్టీ ఎందుకురా నీకు."

బండి కదిలి వెళ్ళింది. దేవమ్మ రోలును ఆనుకుని కూర్చుంది. అప్పుడు చూసింది. తడిక అవతల అనసూయమ్మ, ఆమె చంకలో గంప, గంపలో నల్లటి మూతి. పక్కనే బుర్ఖా ముసుగు పైకెత్తి జైతున్ బీ.

రెక్స్ ఖాళీ రోలును ఇంకా నాకుతూ ఉంది.

"ఏం జేసినవ్ బిడ్డా?" అంది అనసూయమ్మ మెల్లగా.

"నేను తిప్పలే అత్తమ్మా. అదే..."

"ఎటు దిప్పినవ్? కుడికెల్లా, ఎడమకెల్లా?"

దేవమ్మ వేలితో గాలిలో చుట్టి చూపించింది. అనసూయమ్మ నుదురు పట్టుకుంది. "ఎడమకు దిప్పుతరా ఎవరన్నా? శవం చుట్టు దిరిగినట్టు. ఇది అయినట్టా, కానట్టా?"

అలికిడికి బిక్షం లేచి వచ్చాడు. సంగతి విని, గడ్డం గోక్కుంటూ, "ముందు నడిచింది కుక్క అంటున్నవు. ఎనక నడిచింది ఈ పిల్ల. అట్లయితే తిప్పింది అది, తిరిగింది దేవమ్మ. ఇగ ఇల్లు విడువనిది కుక్క గాదు, దేవమ్మనే," అన్నాడు.

"నీ పరాచికం పాడుగాను. అన్నమైతే కుక్క తిన్నది గదా," అంది అనసూయమ్మ. కానీ ఆమె చూపు రెక్స్ మీద నుంచి దేవమ్మ మీదికి పోయి అక్కడ కాసేపు నిలిచింది. అది కోపమో మరొకటో దేవమ్మకు తెలియలేదు.

ఇంటి రోట్లో తిన్నదాన్ని బయటికి తోలడం అనసూయమ్మ చేత కాదు. ఇక మూడోదానికి చోటు లేదు. ఆ సంగతి అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు. జైతున్ బీకి కూడా. ఆమె ముసుగు దించుకుంది.

"సరే, మంచిదే," అని తిరిగి వెళ్ళిపోయింది.

"జైతున్ బీ, జెర ఆగు," అని అనసూయమ్మ రెండడుగులు వేసి ఆగింది. గంప దేవమ్మ చేతికిచ్చింది. "చేసింది నువ్వు. చెప్పుడు సుత నువ్వే చెప్పాలె. నేను బోతే పెద్దోళ్ళ మాటలైతయి, ఆమె నమ్మది. పో."

గల్లీ పొడుగునా కుక్కపిల్ల గంపలోంచి ఆమె వేళ్ళు చప్పరిస్తూనే ఉంది. ఏం చెప్పాలో కూర్చుకున్న ప్రతి మాటా నాలుగు అడుగులకే చెదిరిపోయింది. జైతున్ బీ గుమ్మానికి పరదా వేసి ఉంది. దేవమ్మ బయట నిలబడింది. పిలవాలి. పిలవడానికే చాలాసేపు పట్టింది.

"చాచీ."

"కొట్టంల ఇడిచిపెట్టి పో," అంది లోపలి గొంతు.

"చాచీ, పిల్ల బాగలేదని గాదు. అది మస్తు మంచిగుంది. మీరు ఇచ్చిండ్రని గాదు. ఆ పెద్దకుక్కకు..." దేవమ్మ గంపను దగ్గరికి పట్టుకుంది. "దానికెవ్వరు లేరు చాచీ."

పరదా కదిలింది. జైతున్ బీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చిందో, పొయ్యి పొగో.

"మాకున్నరా బేటీ?"

ఉన్నారనాలా? ఉంటే ఇన్ని రోజులు ఎక్కడున్నారు? లేరనాలా? అంటే తాను నిలబడ్డ ఈ గుమ్మం సంగతేమిటి? గంప బరువుకు చేతులు నొప్పి పుడుతున్నా కింద పెట్టలేదు.

"నేనొస్త," అంది చివరికి. "రోజూ వచ్చి దీనికి పాలు పోస్త."

"నువ్వు మీ ఊరికి పోతవు గదా. నీ నాయిన తోల్కపోనీకి వస్తడని మీ అత్తనే చెప్పె."

"ఎప్పుడొస్తడో. వస్తే పోతనో, పోనో తెల్వది చాచీ."

జైతున్ బీ ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఓణీ కొంగు కుక్క వెంట్రుకలతో, పెరుగు మరకలతో ముద్దయి ఉంది. జైతున్ బీ పెదవి ఒక వైపు వంగినట్టయింది. నవ్వో, చీదరో. ఆమె లోపలికి వెళ్ళి, సత్తు గిన్నెలో పాలు తెచ్చి గడప మీద పెట్టింది.

"నాకు నమాజు వేళయింది. వాటిని ముట్టుకుంటే మళ్ళ చేతులు కడగాలె. పాలు నువ్వే పొయ్యి."

దేవమ్మ కొట్టంలో గొంతుక్కూర్చుంది. నాలుగు పిల్లలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి గిన్నెలోకి పడ్డాయి. నల్లది ఏదో ఒక క్షణం తెలిసింది, తర్వాత పాలమూతులన్నీ ఒకటే అయిపోయాయి. గల్లీ అవతల మోతి అరుస్తున్నది. దానికి బొంగురుగా రెక్స్ బదులిస్తున్నది. కొట్లాడుతున్నాయో, ఒక గిన్నె దగ్గరికి చేరుతున్నాయో ఇక్కడినుంచి తెలియడం లేదు. చూసి వద్దామా అని లేచింది. పిల్లలు ఇంకా తాగుతున్నాయి. మళ్ళీ కూర్చుంది.

పరదా వెనక నుంచి జైతున్ బీ గొంతు వినపడింది. "రేపు జెర పొద్దుగాల రా. ఇవి ఆగవు."