ఐదో చప్పుడు

ఐదే, ఐదు కాక ఇంకెన్ని, బావి అడుగుబండలో ఐదు బొక్కలు తొలిచి ఐదింట్లో పేలుడు మందు కూరి ఐదు వత్తులు ముట్టించినాక నాలుగు చప్పుళ్ళు వస్తాయా, ఆరు వస్తాయా, అనుకుంటూ కంబన్న రాళ్ళకుప్ప మీద నిలబడి బావిలోంచి లేస్తున్న పొగ వైపు చూశాడు, పొగ ఇంకా చిక్కగానే ఉంది, ఐదూ అయిపోయినాయప్పో అని అందరికీ వినపడేలా తనే కదా కేకేశాడు, కేకేసి అర నిమిషం కాలేదు, మేస్త్రి నోటి నుంచి వచ్చిన లెక్కకు తిరుగు లేదు, పొగ పోగానే ఒకడు దిగాలి, దిగేవాడు సుంకప్ప, తన పెళ్ళాం మద్దమ్మకు ఉన్న ఒక్కగానొక్క తమ్ముడు, తనకు బామ్మర్ది, వాడప్పుడే మోకు నడుముకు చుట్టుకుంటూ ఎవడితోనో నవ్వుతున్నాడు, వాడికేం, బావ ఐదన్నాడు, ఐదయ్యాయి.

కుడిపక్కన బాలిరెడ్డి ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు, చేను ఆయనది, బావి ఆయనది, ఓర్వకల్లు రాళ్ళగుట్ట పక్కన ఈ తొమ్మిది మట్ల, తొమ్మిది నిలువుల లోతు గొయ్యి ఆయన పంతం, ఈడ నుంచి ఆ గట్టు దాకా నిమ్మచెట్లు పెట్టల్లనుకుంటాండా కంబన్నా, ఆ పక్క మిరప, కర్నూలు రాజధాని అయినాక ఏమి పండిచ్చినా కొనేటోళ్ళు ఉండారు, నీళ్ళు పడనీ, పడతాయి రెడ్డీ, పడకేం, నిన్న పొద్దు వాలేప్పుడు అడుగుబండ చెమ్మగిల్లింది, వేలితో రాస్తే తడి అంటింది, ఏడు వారాలకు మొదటి తడి, అందుకే రెడ్డి, అయ్యవారి దగ్గర మంచి గడియ అడిగి, పొద్దు నడినెత్తికి వచ్చేలోపల మొదటి కడవ పైకి రావాలని ఖాయం చేసుకుని, పళ్ళెంలో పసుపు కుంకుమ టెంకాయ పెట్టించుకుని బండి కట్టించుకొచ్చాడు, ఊరికే వచ్చాడా, కంబన్న కోసం కొత్త చెప్పుల జత తెచ్చాడు, మందపాటి తోలు అడుగు, అడుగేస్తే కిర్రుమనే చెప్పులు, తొడుక్కో అన్నాడు, రెడ్డి ముందర చెప్పుల కాళ్ళతో నిలబడడమా, తన నాయనా తన మామా రెడ్లు కంటపడితే చెప్పులు చేత పట్టుకుని పక్కకు తప్పుకున్న వాళ్ళు, చెప్పులంటూ ఉన్న రోజుల్లో, కంబన్న జతను చేత్తోనే పట్టుకున్నాడు, నాకు నీళ్ళు సూపిచ్చేటోనివప్పా నువ్వు, నా ముందరనే తొడుక్కో, పొద్దుగూకేదాకా ఇడిస్తే నా మింద ఒట్టే అన్నాడు రెడ్డి, పది మందీ విన్నారు, కంబన్న తొడుక్కున్నాడు, వేళ్ళు నొక్కుకుపోతున్నా బాగుంది, అబద్ధమెందుకు, చాలా బాగుంది, పొద్దున్నుంచి పని లేకపోయినా అటూ ఇటూ నాలుగు సార్లు నడిచాడు.

అప్పుడే మద్దమ్మ పెద్ద రాతిగుండు చాటు నుంచి బయటికొచ్చింది, మందు పేల్చేటప్పుడు రాళ్ళు మోసే ఆడవాళ్ళంతా ఆ గుండు వెనకే కూర్చుంటారు, మిగతా ఆడవాళ్ళు గంపలు తీసుకుంటున్నారు, మద్దమ్మ గంప తీయలేదు, నిలబడి కంబన్న వైపే చూస్తోంది, చెయ్యి నడుము దగ్గర, కొంగు మరుగున, ఎవరికీ కనపడకుండా బొటనవేలు మడిచి నాలుగు వేళ్ళు చాపింది.

నాలుగు.

కంబన్న మొహం తిప్పుకున్నాడు, ఆమెకేం తెలుసు, చెవుల్లో కొంగు కుక్కుకుని మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చునే మనిషి, లెక్క మేస్త్రి ఒక్కడిదే, ఇద్దరు లెక్కపెడితే బావి గట్టున పంచాయితీ తప్ప పని జరగదని మామ ఏనాడో కట్టడి చేశాడు, ఆడది కాదు కదా మగవాడు కూడా మేస్త్రి లెక్కకు ఎదురు చెప్పకూడదు, చెప్పలేదు కదా పాపం, వేళ్ళు చూపింది అంతే, సరే మళ్ళీ లెక్కపెట్టి చూద్దాం, మొదటిది గట్టిగా వచ్చింది, రెండోది రెడ్డి నిమ్మచెట్లు అన్న మాట మీద పడింది, మూడూ నాలుగూ ఒకదాని తోక పట్టుకుని ఒకటి వచ్చాయి, తర్వాత కాసేపు ఏమీ లేదు, రెడ్డి మాట ఆపి అయినాయా అన్నట్టు మొహంలోకి చూశాడు, ఆ చూపు అలా ఉండగానే ఐదోది వచ్చింది, చిన్నగా వచ్చింది, వచ్చింది కదా, ఎటు నుంచి వచ్చింది, గుట్ట తూర్పున ఉంది, బావి పడమర ఉంది, గుట్ట మారుపలుకుతుంది, గుట్ట పలికేది లెక్కలో పట్టగూడదు రా సుంకా అని మొదటి రోజే వాడికి తనే చెప్పాడు, చెప్పిన వాడికి మరి ఎటు నుంచి వచ్చిందో తెలియదా, తెలియదు, ఒంటిచెవి వాడికి ఏ చప్పుడైనా ఆ ఒక్క పక్క నుంచే వస్తుంది.

ఒంటిచెవి, ఎవరికీ తెలియని మాట, రెండేళ్ళ కిందట నందికొట్కూరు పక్క బావిలో మామ, మద్దమ్మ నాయన, మేస్త్రి అంటే మేస్త్రి, ఆరు అని కేకేసి తనే ముందు దిగాడు, కంబన్న పైనుంచి గంప దించుతూ గట్టు మీద ఎడమ పక్కకు ఒరిగి ఉన్నాడు, లోపల మిగిలిపోయిన ఆరోది అప్పుడు పేలింది, మామ కేక కూడా వినపడలేదు, భుజం మీద వెచ్చగా కారింది చూస్తే తన చెవిలోంచి, మూడు రోజులు ఈల మోత తప్ప ఏమీ లేదు, నాలుగో రోజు ఆ చెవిలో ఈల కూడా పోయింది, ఆ రోజే జట్టు వాళ్ళు వచ్చి మామ మోకు తెచ్చి తన భుజాన వేశారు, ఇంగ నువ్వేనప్పా మేస్త్రివి అన్నారు, కాదందామనుకున్నాడు, బేతంచర్లలో బండలు కోసే పనికి పోదామని అంతకు నెల ముందే మద్దమ్మతో అన్నాడు కూడా, ఈ బావులొద్దు, ఎండ మొహం చూస్తూ చేసే పని ఏదైనా చాలు అని, కానీ మోకు భుజాన పడింది, పడిన మోకు తీసి కింద పెట్టడానికి ఒకటే మాట ఉంది, నాకు ఎడమ చెవి పోయిందని, ఆ మాట నోటి దాకా వచ్చింది, అప్పుడే అత్త గురమ్మ సుంకప్పను చెయ్యి పట్టుకుని తెచ్చి ముందర నిలబెట్టింది, నా మొగుణ్ణి బావి మింగె, ఈన్ని నీ చెవులకు అప్పజెపుతాండా నాయనా అంది, చెవులకు అంది, చేతులకు అన్నా బాగుండేది.

రెండేళ్ళలో ఒక్కసారి తప్పాడా, తప్పలేదు, ఎన్ని బావులు, ఎన్ని వందల చప్పుళ్ళు, ఒక్కటి తక్కువైతే ఆగండప్పా అన్నాడు, రేపటి దాకా ఎవరూ దిగగూడదు అన్నాడు, ఒక్క చెవి చాలని తనకు తానే చెప్పుకున్నాడు, మరి ఈ రోజు కూడా అదే చెవి, అదే చెవిలో మాత్రం రెడ్డి నిమ్మచెట్లు నాటుతున్నాడు, బావా దిగేదా, ఎవరు, సుంకప్ప, పొగ పలచబడింది, వాడు గట్టు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడదీశాడు, పొద్దు నెత్తికొస్తాంది కంబన్నా అన్నాడు రెడ్డి, ఆగండి అంటే ఎందుకంటాడు, ఇప్పుడేగా ఐదంటివి అంటాడు, ఏం చెప్పాలి, అనుమానం అంటే గడియ పోతుంది, చెవి అంటే మేస్త్రితనం పోతుంది, చెవిటి మేస్త్రి కింద ఎవడు బావిలో దిగుతాడు, ఈ జిల్లాలో ఇక ఎవడు పిలుస్తాడు, కిర్రుచెప్పులతో పది మంది ముందు నిలబెట్టిన మనిషిని గడియ లోపలే చెవిటివాడని నవ్వుకుంటారు, ఐదే అయి ఉంటాయి, ఐదే, కంబన్న చెయ్యి పైకి లేచింది, ఎవరు లేపారో తెలియదు, దిగు అని లేచింది, సుంకప్ప తల గట్టు కిందికి వెళ్ళిపోయింది.

మోకు జారుతోంది, నలుగురు పట్టుకుని వదులుతున్నారు, మట్టుకొక గుడ్డపీలిక కట్టిన మోకు, పీలిక గట్టు దాటినప్పుడల్లా మనిషి ఒక మట్టు లోతుకు పోయినట్టు, తొమ్మిది పీలికలు దాటితే అడుగుబండ, మొదటిది దాటింది, చెయ్యి దించలేదేం, దించాడు, మద్దమ్మ నడిచి వస్తోంది, రాళ్ళకుప్ప ఎక్కుతోంది, పరిగెత్తడం లేదు, పరిగెత్తితే జనం చూస్తారని, రెండో పీలిక, చుట్టు తిరిగి వస్తోందేం, ఎడమ పక్క నుంచి దగ్గర కదా, రెడ్డి ఉన్న వైపుకే వస్తోంది, ఎప్పుడూ అంతే, సంతకు పోయినా కుడిపక్కనే నడుస్తుంది, అన్నం పెట్టినా కుడిపక్కనే కూర్చుంటుంది, పెళ్ళైనప్పుడు ఎడమ పక్క గోడ వైపు పడుకునేది, ఎప్పుడు ఇటు మారింది, మూడో పీలిక, ఎప్పుడు మారిందో తెలుసు, మామ పోయిన నెలకు, ఓసి మద్దీ, నీకు తెలుసు, రెండేళ్ళుగా నీకు తెలుసు, ఒక్క మాట అనలేదు.

మద్దమ్మ వచ్చి రెడ్డికీ కంబన్నకూ మధ్య నిలబడింది, రెడ్డి ముందర అలా నిలబడే మనిషి కాదు, రెడ్డి కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు, ఆమె కంబన్న మొహం చూడలేదు, మోకు వైపే చూస్తూ లోగొంతుతో అంది, నాలుగేనయ్యా, చెవుల్లో కొంగు పెట్టుకున్న్యా గానీ కాళ్ళకు నాలుగే తగిలె.

కాళ్ళకా, నాలుగో పీలిక దాటింది, కాళ్ళకేం తెలుస్తుంది, మొదటి చప్పుడుకు నేల ఎగిరి అరికాలిని తంతుంది, రెండోదానికీ తంతుంది, మెత్తటి మట్టి అయితే మెల్లగా, ఇలాంటి బండ నేల అయితే మడమ దాకా, అవును, ఎప్పుడూ తంతుంది, మరి ఈ రోజు, కంబన్న వెతికాడు, చెవిలో కాదు, కాళ్ళల్లో వెతికాడు, మొదటి చప్పుడుకు ఏమీ లేదు, రెండోదానికీ లేదు, కుప్ప మీద వదులు రాళ్ళు, రాళ్ళ మీద రెండు వేళ్ళ మందం తోలు, పొద్దున్నుంచి నేల తనకు తగలనే లేదు, రెండేళ్ళుగా ఒక్కసారి తప్పలేదని పొంగిపోయిన లెక్క చెవిది కాదు, ఉత్తకాళ్ళది, ఆ కాళ్ళకే ఈ రోజు ఒట్టు పెట్టి మూతి కట్టారు, మరి ఐదోది ఎవరు విన్నారు, రెడ్డి అయినాయా అన్నట్టు చూసిన ఆ చూపు, పళ్ళెంలో టెంకాయ, నెత్తి మీదికి వస్తున్న పొద్దు, అవి తనవైపు చూస్తుంటే ఒక చప్పుడు కావలసి వచ్చింది, వచ్చింది, అది బావిలో పుట్టలేదు, గుట్టలో పుట్టిందో లేదో కూడా తెలియదు, తనకు కావాలని తనలో పుట్టింది, మామకు కూడా ఆ రోజు ఆరోది అలాగే పుట్టి ఉంటుందా, ఐదో పీలిక గట్టు మీదికి వచ్చింది.

ఆపండి, గొంతు తనదేనా అనిపించేంత పెద్దగా వచ్చింది, ఆపండప్పా, లాగండి పైకి, మెల్లగా కాదు, బిరీన లాగండి, నలుగురూ ఒకసారి ఇటు చూసి ఏమీ అడగకుండా లాగడం మొదలుపెట్టారు, మేస్త్రి మాట కదా, ఇదే చివరిదని వాళ్ళకు తెలియదు, కంబన్న వంగి చెప్పులు విప్పాడు, కుడిది సులువుగా వచ్చింది, ఎడమది బొటనవేలి దగ్గర పట్టుకుంటే పీకాడు, ఎందుకప్పా ఇడుస్తాండావు, మర్యాద జాలుగానీ తొడుక్కో, ఒట్టు పెడితి గదా అన్నాడు రెడ్డి, ఆయనకు అది తనకు ఇస్తున్న మర్యాదలాగే కనపడింది, పాపం ఆయన తప్పేం లేదు, కంబన్న రెండు చెప్పులూ జత చేసి ఆయన ముందర పెట్టి కుప్ప దిగి ఉత్తకాళ్ళతో బండ మీద నిలబడ్డాడు, కాలుతోంది, రెడ్డీ, నాకు ఎడమ చెవి లేదు, రెండేండ్లాయ, ఐదని నేను సెప్పింది తప్పు, నాలుగే పేలినాయి, ఇంగోటి లోపల ఉండాది, ఈ పొద్దు ఎవరూ దిగగూడదు, నీ గడియ పాయ, నన్ను ఏమన్నా అను.

రెడ్డి పళ్ళెం వైపు చూశాడు, పొద్దు వైపు చూశాడు, చెప్పుల వైపు చూశాడు, మోకు ఎక్కి వస్తోంది, నాలుగో పీలిక, మూడు, రెండు, లోపల ఏమీ పేలలేదు, రేపటి దాకా పేలకపోవచ్చు, అసలు పేలకుండానే ఉండొచ్చు, అది కంబన్నకు ఇప్పుడు అక్కరలేదు, ఒకటి, సుంకప్ప తల కనపడింది, జుట్టు నిండా రాతిదుమ్ము, ఏమాయ బావా, అడుగు కనపడకముందే లాగితిరి అన్నాడు, కంబన్న వాడి చెయ్యి పట్టి గట్టు మీదికి లాగి, ఆ చెయ్యి వదలకుండానే మోకు భుజం మీదినుంచి తీసినట్టు ఒళ్ళు తేలికైపోతే, ఏడుపొచ్చేలా ఉంటే, మద్దమ్మ వైపు చూశాడు, ఆమె ఇంకా కుడిపక్కనే నిలబడి ఉంది, చెయ్యి కొంగు మరుగు నుంచి బయటికొచ్చింది, నాలుగు వేళ్ళూ అందరికీ కనపడుతున్నాయి, రెండేళ్ళుగా ఈ జట్టులో ప్రతి చప్పుడూ ఆ గుండు వెనక ఇంకోసారి లెక్కకు వచ్చిందని అప్పుడు తెలిసింది కంబన్నకు, తను తప్పనన్ని రోజులు ఆమె ఊరుకుంది, అంతే, ఇంగ లెక్క మీ యక్కది రా సుంకా అన్నాడు.